అశోక్‌నగర్ వానలో నా ఖాకీ సంచి

కండక్టరుగా చేరిన కొత్తలో నా భుజానికి ఒకటే సంచి ఉండేది, సంస్థ ఇచ్చిన తోలు సంచి. రిటైరయ్యే నాటికి రెండయ్యాయి. మొదటిది టికెట్లకూ చిల్లరకూ. రెండోది దేనికని ఎవరడిగినా సరైన జవాబు చెప్పలేక "ఉంటే మంచిదే కదా" అనేదాన్ని. ఆ రెండో సంచి గురించే ఇప్పుడు రాస్తున్నాను. అశోక్‌నగర్ గల్లీల్లో గదులు కిరాయికి తీసుకుని, సర్కారు నౌకరీ కోసం కళ్లు కాయలు కాసేలా చదువుతున్న పిల్లలు ఇది చదివితే నాకు సంతోషం. ఒక వాన రోజు మమ్మల్ని ఒడ్డున పడేసింది వాళ్లలాంటి పిల్లలే.

మాది చిక్కడపల్లి. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. పెళ్లయ్యాక కూడా రెండు గల్లీలు దాటి వెళ్లానంతే. చివరి ఏళ్లలో నాకు పడిన రూటు కోఠి నుంచి నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్, గాంధీనగర్ వైపు. అంటే రోజూ మా గల్లీ మొగదల ముందు నుంచే పోయేదాన్ని. అక్కడ కూరగాయలు బేరమాడుతున్న మా అత్తగారిని బస్సులోంచే "అత్తమ్మా, పొయ్యి బంద్ చేసినవా?" అని అడిగిన రోజులున్నాయి. బస్సంతా నవ్వేది. ఆమె మాత్రం కొంగు సర్దుకుని, నన్నెప్పుడూ చూడనట్టు ముఖం తిప్పుకునేది.

ఒక ఏడు వానాకాలానికి ముందు మా డిపో వాళ్లను నారాయణగూడలో ఒక హాలుకు పిలిచి, ఆపదలొస్తే ఏం చేయాలో ఒక పూట శిక్షణ ఇప్పించారు. చెప్పడానికి వచ్చింది అగ్నిమాపక శాఖలో చేసి రిటైరైన ఒక పెద్దమనిషి. బల్ల మీద టార్చి, తాడు, విజిలు, చిన్న సుత్తి, పిన్నీసులు, కొవ్వొత్తులు, మందుల డబ్బా పరిచి, ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ చెప్పాడు. ఆయన గొంతు మెత్తన. మావాళ్ల చూపు వెనక పెట్టిన సమోసాల ట్రే మీద. చివర్లో ఆయన ఒక మాటన్నాడు: "ఆపద మీకు చెప్పి రాదు. వచ్చినప్పుడు ఇంటికెళ్లి తెచ్చుకుంటానంటే ఆగదు. ఆ గడియకు మీ ఒంటి మీద ఏముందో అదే మీది." ఆ మాట విన్నాక నాకు సమోసా సహించలేదు. అబద్ధమెందుకు, రెండు తిన్నాను. కానీ ఆలోచిస్తూ తిన్నాను.

ఆ వారమే మా గల్లీ టైలరు దగ్గరికి పాత ఖాకీ గుడ్డ తీసుకెళ్లి సంచి కుట్టమన్నాను. రెండు పొరలు వేసి, వెడల్పాటి పట్టీ పెట్టి, డబల్ కుట్టు వేసి ఇచ్చాడు. "దీంట్ల ఇటుకలు మోస్తవా అక్కా?" అనడిగాడు. ఇటుకలు తప్ప అన్నీ మోశాను. టార్చి, కొవ్వొత్తులు, సుత్తి, బట్టలారేసే నైలాను తాడు, బిస్కెట్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, కట్టుగుడ్డ, పిన్నీసులు, ఒక కొబ్బరినూనె సీసా. చివరిది ఆపద కోసం కాదు, ఎండకు పగిలే నా చేతుల కోసం.

అప్పటికి నాతో డ్యూటీ చేసే డ్రైవరు అంబర్‌పేట్ మనిషి. నాకంటే చాలా చిన్న, నాకంటే రెండింతలు లావు. స్టీరింగు ముందు ఆయన కూర్చుంటే వెనక నుంచి రోడ్డు కనిపించేది కాదు. ఆయన వెంట ఉండేవి రెండే వస్తువులు, జేబులో దువ్వెన, మెడలో తువ్వాల. నా సంచి మొదటిసారి చూసి, "ఏంది అక్కా గిది? సంసారమంత ఎత్కొచ్చినవ్. అన్నతోటి లొల్లైందా?" అన్నాడు. ఆ తర్వాత డిపోలో ఎవరికి ఏది కావాలన్నా "మా అక్క దుకానంల అడుగున్రి" అని పంపేవాడు.

దుకాణం బాగానే నడిచింది. ఆపదలు రాలేదు గానీ అక్కరలు రోజూ వచ్చేవి. పరీక్ష రాయడానికి పోతున్న పిల్ల చెప్పు తెగితే పిన్నీసు పెట్టి కట్టాను. ఎండకు కళ్లు తిరిగిన ముసలాయనకు నీళ్లలో ఓఆర్ఎస్ కలిపి ఇచ్చాను. అలాగని అన్నీ నెగ్గానని అనుకోకండి. ఒకసారి చీకటి పడ్డాక బస్సులో లైట్లు పోతే గొప్పగా టార్చి తీశాను. వెలగలేదు. సెల్లులు కారిపోయి లోపలంతా పచ్చగా తుప్పు. బిస్కెట్లు ఇద్దామని తీస్తే చీమలు నాకంటే ముందే తినేశాయి. సంచి నింపడం ఒక పని, దాన్ని చూసుకుంటూ ఉండటం ఇంకో పని అని డ్రైవరు నవ్వుల మధ్య నేర్చుకున్నాను.

ఇక ఆ రోజు.

మధ్యాహ్నం దాకా ఎండ. మేము కోఠిలో బస్సు తీసేసరికి మబ్బు కమ్మింది. నారాయణగూడ దాటేసరికి అద్దం మీద నీళ్లు తుడిచినా ఆగనంత వాన. చిక్కడపల్లి దాటాక ముందు చెట్టు కూలిందని బండ్లన్నీ ఆగిపోయాయి. అందరితో పాటు మమ్మల్నీ మురుగునీళ్ల నాలా పక్క రోడ్డుకు మళ్లించారు. ఆ రోడ్డు పల్లంలో ఉంటుంది. సగం దూరం పోయాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు తాళం తిప్పాడు, మళ్లీ తిప్పాడు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నాలా పొంగి రోడ్డెక్కింది. నీళ్లు నిలబడి లేవు, నడుస్తున్నాయి. మా ముందు నుంచి ఒక స్కూటరు దానంతటదే పోతుంటే చూశాను, మీద మనిషి లేడు. ఫుట్‌బోర్డు మునిగింది. చూస్తుండగానే నీళ్లు బస్సులోకి వచ్చి నా చెప్పులను తడిపాయి.

బస్సులో జనం ఎక్కువ లేరు, సగం సీట్లు ఖాళీ. కోఠి దవాఖానా నుంచి డిశ్చార్జి అయి ఇంటికి పోతున్న ఒక బాలింత, ఆమె చేతిలో ఇంకా పేరైనా పెట్టని పాప, పక్కన ఆ పాప నాయనమ్మ. ఆపరేషన్ అయిందేమో, బాలింత ఎక్కేటప్పుడే కడుపు పట్టుకుని ఎక్కింది. మిగతావాళ్లు దుకాణాల్లో పని చేసేవాళ్లు, చదువుకునే పిల్లలు. వాళ్లలో జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయి, రోజూ నా బస్సే ఎక్కేది. ఇద్దరు ముగ్గురు మొగవాళ్లు దిగిపోదామని డోరు దగ్గరికి ఉరికారు. వాళ్ల వెనకే ఆ అమ్మాయి కూడా లేచి, చున్నీ నడుముకు బిగించింది.

"మేడం, నాకు ఈత వచ్చు. మా బాయిల రోజు ఈదేదాన్ని. నేను పోయి ఎవర్నన్న పిల్చుకొస్త."

"బాయిల నీళ్లు నిలబడ్తయ్ బిడ్డా. ఇవి నడుస్తున్నయ్. కింద మూత లేని మ్యాన్‌హోలు ఏడుందో నీకెర్కనా, నాకెర్కనా?" అన్నాను.

డోరు దగ్గర తోపులాట ఆగలేదు. నా గొంతు వాన చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. విజిలు తీసి ఒక్కసారి గట్టిగా ఊదాను. ఏళ్ల తరబడి ఊదిన ఊదుడే, బస్సు ఆపమని. అలవాటు ఎంత గట్టిదో చూడండి, బస్సు ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు మనుషులు ఆగారు. పాప కూడా ఏడుపాపి చూసినట్టనిపించింది.

"ఎవ్వరు దిగొద్దు. అందరు వెనక సీట్ల మీదికి ఎక్కి కూసోన్రి" అన్నాను. ఎక్కారు. ఎమర్జెన్సీ నంబరుకు ఫోను చేస్తే వస్తున్నామన్నారు. వాళ్లు మాత్రం ఎలా వస్తారు, ఆ నీళ్లలో ఏ బండి నడుస్తుంది?

డ్రైవరు నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. "అక్కా, నాకు ఈత రాదు."

"నాకొస్తదా?" అన్నాను.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎందుకో నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది.

అప్పుడు కుడివైపు నుంచి అరుపులు వినిపించాయి. రోడ్డు పక్కన అబ్బాయిల హాస్టలు. దాని కాంపౌండు గోడ మా బస్సుకు రెండు మంచాల పొడవు దూరంలో ఉంది. గోడ లోపలి వైపు ఆనుకునే పై అంతస్తుకు పోయే మెట్లు. ఆ మెట్ల మీద లుంగీలూ నిక్కర్లూ వేసుకున్న పిల్లలు నిలబడి చేతులూపుతున్నారు. వాళ్లలో పొడుగ్గా, బక్కగా ఉన్న ఒకడు గోడ మీద గుర్రమెక్కినట్టు కూర్చుని అరిచాడు.

"అక్కా! ఎనక డోరు తియ్యున్రి! మా దగ్గర నిచ్చెనుంది!"

వెనక డోరంటే బస్సు కుడి పక్కన చివర ఉండే ఎమర్జెన్సీ తలుపు. రోజూ దాని మీద రాసిన ఎర్ర అక్షరాలు చూస్తూనే ఉంటాం. అన్నేళ్ల సర్వీసులో దాన్ని ఒక్కసారైనా తెరిచి చూశానా అంటే లేదు. డ్రైవరు పిడి పట్టి లాగాడు. కదల్లేదు. ఇద్దరు మొగవాళ్లు సాయం పట్టారు. అయినా కదల్లేదు. ఎన్నడూ తీయక, దాని మీద రంగు మీద రంగు పూసి, తలుపూ చట్రమూ ఒకటైపోయాయి.

నీళ్లు మోకాళ్ల కింది దాకా పెరిగాయి. సంచి తెరిచాను. సుత్తి తీసి డ్రైవరు చేతిలో పెట్టాను. కొబ్బరినూనె సీసా మూత తీసి పిడి మీద, సందుల్లో, కీళ్ల మీద ధారగా పోశాను. "తలంటుతున్నవా అక్కా?" అన్నాడు డ్రైవరు ఆ పరేషాన్‌లో కూడా. పిడి మీద కొట్టాడు, చుట్టూ అంచుల మీద కొట్టాడు, రంగు పెచ్చులు రాలాయి. మళ్లీ నూనె, మళ్లీ సుత్తి. చివరికి భుజం ఆనించి "యా అలీ" అని ఒక్క తోపు తోస్తే తలుపు కిర్రుమని తెరుచుకుంది. ఆ మనిషి లావును నేను ఎన్నిసార్లు వెక్కిరించానో, అన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

పిల్లలు నీళ్ల ట్యాంకుకు వేసుకునే ఇనుప నిచ్చెన తెచ్చి, గోడ మీది నుంచి మా తలుపు దాకా పడుకోబెట్టారు. దాని మీద మంచాల చెక్కలు పరిచారు. అవతలి కొసను నలుగురు పట్టుకున్నారు. ఇవతలి కొసను సీటు కమ్మీకి కట్టాలి. తాడు ఉంది కదా అని ధైర్యంగా సంచిలో చెయ్యి పెట్టాను. లేదు. తడిమి తడిమి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. ముందు వారం మా బాల్కనీలో తాడు తెగితే, మళ్లీ కొందాంలే అని ఈ తాడే తీసి కట్టాను. ఆపద కోసం దాచిన తాడు మీద ఆ గడియకు మా ఇంట్లో దుప్పట్లు తడుస్తున్నాయి.

"తాడు లేదు" అన్నాను, తల ఎత్తకుండా.

జనగామ అమ్మాయి నా వైపు చూడను కూడా చూడలేదు. తన చున్నీ విప్పి, పక్కనున్న ఇద్దరు పిల్లల చున్నీలు లాక్కుని, మూడూ కలిపి పేని, నిచ్చెనను కమ్మీకి బిగించింది. "ఇది ఎడ్లకేసే ముడి మేడం. గుంజిన కొద్ది గట్టిగైతది" అంది. అందరికంటే ముందు తనే ఆ చెక్కల మీద మోకాళ్ల మీద పాకుతూ పోయింది. గోడ మీది పిల్లలు చేతులందించి లాగారు. ఆమె అవతల నిలబడి "మంచిగుంది, రాన్రి!" అని అరిచాక బస్సులో ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ఒక్కొక్కరే పోయారు. కింద నీళ్లు గోధుమ రంగులో సుడి తిరుగుతున్నాయి. ఒకసారి బస్సే కొంచెం జరిగినట్టనిపించింది, అందరం కమ్మీలు పట్టుకున్నాం. నాయనమ్మ చెప్పులు చంకలో పెట్టుకుని, దేవుళ్లందరినీ పేరు పేరునా పిలుస్తూ దాటింది. ఇక బాలింత వంతు.

ఆమె కదల్లేదు. "నా కుట్లు పచ్చిగున్నయ్ అక్కా. రెండు చేతులు పట్టుకుంటెనే పోత. పాపనెట్ల పట్టుకోవాలె?" అంది. ఏడవడం లేదు. పాపను గుండెకు అదుముకుని, నేనే ఏదో ఒకటి చెప్పాలన్నట్టు నా కళ్లల్లోకి చూసింది.

పాపను చేత్తో పట్టుకుని ఎవరు దాటినా ఒంటి చేత్తో పాకాలి. చెక్కలు తడి. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించేంత దగ్గర కాదు. సంచిలో పనికొచ్చేది ఏముందా అని చూశాను. టార్చి, కొవ్వొత్తులు, దూది, బిస్కెట్లు. ఏదీ పనికిరాదు. రెండోసారి చూసినప్పుడు వస్తువులు కాదు, సంచి కనిపించింది.

సంచి బోర్లించాను. ఏళ్ల తరబడి కూడబెట్టిన దుకాణమంతా సీటు మీద గుమ్మరించాను. ఆ గుట్టలోంచి నా పాత స్వెటరు తీసి అడుగున పరిచి, బట్టల్లో చుట్టిన పాపను అందులో పడుకోబెట్టాను. ముఖం బయటికి, ఊపిరి ఆడేలా. సరిగ్గా పట్టింది.

"నేను తీస్కపోత" అన్నాడు డ్రైవరు.

"ఈత రాదన్నవ్ గద?"

"పడితె గద అక్కా ఈత. నేను పడ."

సంచి పట్టీ ఆయన మెడలో వేశాను. ఆయన తువ్వాలతో సంచిని ఛాతీకి కట్టి బిగించాను. అంత పెద్ద మనిషి చెక్కల మీద మోకాళ్లూ మోచేతులూ ఆనించి, పాప మీద వాన పడకుండా వీపు గొడుగులా పెట్టి, జానెడు జానెడు జరుగుతూ పోయాడు. నిచ్చెన మధ్యలో విల్లులా వంగింది. బాలింత నా చేతిని పట్టుకున్న పట్టుకు నా గాజులు రెండు విరిగాయి. పొడుగు పిల్లవాడు పొట్ట మీద పడుకుని రెండు చేతులూ చాపాడు. సంచి చేతికందగానే హాస్టలంతా ఒక్కసారి అరిచింది, క్రికెట్ మ్యాచ్ గెలిచినట్టు.

తర్వాత ఆ తల్లి కూర్చునే, కొంచెం కొంచెం జరుగుతూ దాటింది. చివర నేను. టికెట్ల మిషనూ తోలు సంచీ కట్టుకుని, నిచ్చెన ఎక్కే ముందు వెనక్కి చూశాను. బిస్కెట్ ప్యాకెట్లు నా కంటే ముందే నీళ్ల మీద తేలుతూ బయలుదేరాయి.

రబ్బరు పడవ వచ్చేసరికి మేమందరం హాస్టలు పైకప్పు మీద రేకుల షెడ్డులో, అంటే వాళ్ల వంటింట్లో, పొడి లుంగీలు చుట్టుకుని టీ తాగుతున్నాం. నా మీద ఏదో కోచింగ్ సెంటరు టీషర్టు. పడవవాళ్లు చాలా కష్టపడి వచ్చారు పాపం. వాళ్లకూ టీ ఇచ్చాం.

తర్వాత డిపోలో నన్ను మెచ్చుకున్నారు, సంచిని ఇంకా మెచ్చుకున్నారు. నా ఆలోచన మాత్రం ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆ వారం డిపోలో ప్రతి బస్సు ఎమర్జెన్సీ తలుపూ తీయించి, నూనె పోయించే దాకా మెకానిక్కులను నిద్రపోనివ్వలేదు. మీరూ ఒక పని చేయండి. మీ గదిలో, మీ స్టడీ హాలులో బయటపడే దారి ఏదో ఈ రోజే వెళ్లి తెరిచి చూడండి. తాళం ఉంటే ఎవరి దగ్గరుందో అడగండి. జేబులో విజిలూ చిన్న టార్చీ పెట్టుకోండి, టార్చి వెలుగుతుందో లేదో చూసుకోండి. పక్క గదిలో ఎవరుంటారో, వాళ్లకు ఏమొచ్చో తెలుసుకోండి. నా సంచిలో తాడు లేని రోజున ఎడ్లకేసే ముడి వచ్చిన పిల్ల నా బస్సులోనే ఉంది. రోజూ "పాస్ చూపియ్యమ్మా" అనడం తప్ప అప్పటిదాకా నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ సాయంత్రం సంగతి ఇంకొకటి చెప్పాలి. టీలు అయ్యాక నాయనమ్మ లేచి, వంటాయనను ఉప్పు, ఎండు మిరపకాయలు అడిగింది. డ్రైవరును నడుమ నిలబెట్టింది. గుప్పిట మూసి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ కింది నుంచి పైకి తిప్పింది. పై దాకా అందకపోతే ఆయనే మోకాళ్ల మీద కూర్చున్నాడు, కళ్లు మూసుకుని, బుద్ధిగా. ఆమె వెళ్లి ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసింది. అందరం దగ్గడానికి సిద్ధపడ్డాం. ఏమీ కాలేదు.

"చూసిన్రా! జరంత ఘాటు వస్తలేదు. ఎంత దిష్టి తగిలిందో పిలగానికి!" అంది.

"అవ్వా, మిరపకాయలు వానకు నానినయ్. ఘాటెట్లొస్తది?" అన్నాడు వంటాయన.

"నువ్వూకో. నానితేంది, ఎండితేంది? నువ్వు గూడ రా, నిలవడు."

వంటాయన నిలబడ్డాడు. తర్వాత నేను. తర్వాత జనగామ అమ్మాయి, పొడుగు పిల్లవాడు. చూస్తుండగానే చదువుకునే పిల్లలంతా నవ్వుకుంటూ మెట్ల దాకా వరుస కట్టారు. పాప మాత్రం తల్లి ఒళ్లో నిద్రపోతోంది.

"అవ్వా, మా బస్సుకు గూడ తియ్యరాదు" అన్నాడు డ్రైవరు.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కొత్తగా గుప్పెడు ఉప్పు తీసుకుని పిట్టగోడ దగ్గరికి నడిచింది. కింద సగం మునిగి నిలబడ్డ మా బస్సు వైపు పిడికిలి చాపి, మూడుసార్లు తిప్పింది.